ఒరాలియా బతికే ఉందని రాసిన మూడేళ్ళు

ఒరాలియా పోయాక మూడేళ్ళపాటు, ఏటా జనవరిలో, ఆమె బతికే ఉందని రాసి సంతకం పెట్టాను.

ఆసుపత్రి నుంచి కార్డు వచ్చేది. పసుపు రంగు, పోస్టుకార్డంత. పైన ఆమె పేరు, ఆమె ఒంట్లో పెట్టిన యంత్రం నంబరు. కింద మూడు గళ్ళు: క్షేమం, అనారోగ్యం, మరణం. మొదటి గడిలో గీత పెట్టి, అడుగున అబ్రాన్ కింతానా, భర్త అని రాసి, ఆ రోజే తిప్పి పంపేవాణ్ణి. అబద్ధం రాస్తున్నప్పుడు చెయ్యి వణకలేదు. ముప్పై ఏళ్ళు వణకకూడని పని చేసిన చెయ్యి అది.

నేను పనిచేసింది కొండ మీద. అక్కడున్న అణు ప్రయోగశాలని మా లోయలో కొండ అనే అంటాం. లోయలో సగం మంది మగవాళ్ళు తెల్లవారుజామునే బస్సెక్కి అక్కడికి పోయేవారు. నేను మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. మొదట నేల తుడవడానికి తీసుకున్నారు. తరువాత ఎవరో నా చేతులు చూసి గాజు పెట్టెల దగ్గర నిలబెట్టారు. ఆ పెట్టెల గోడకి, భుజాల దాకా వచ్చే రబ్బరు తొడుగులు బిగించి ఉంటాయి. వాటిలోకి చేతులు దూర్చి, గాజులోంచి చూస్తూ, లోపలి పని చెయ్యాలి. లోపల ఉండేది ప్లుటోనియం. బాంబుల్లో వాడే రకం కాదు. మేం దాన్ని వేడి రకం అనేవాళ్ళం.

అది గనుల్లో దొరికేది కాదు. మనుషులు రియాక్టర్లో పెట్టి తయారుచేసింది. మా దగ్గరికి పొడిగా వచ్చేది, ఎండిన బురద రంగులో. దాన్ని అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చి, బిళ్ళ చేసి, లోహపు గొట్టంలో పెట్టి మూత అతికేవాళ్ళం. ఆ గొట్టాన్ని ఇంకో గొట్టంలో పెట్టి మళ్ళీ అతికేవాళ్ళం. దానికి నిప్పు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. దానంతటదే వేడిగా ఉంటుంది. పెద్ద బిళ్ళని కదలకుండా మూసి ఉంచితే పొయ్యిలో బొగ్గులా ఎర్రబడుతుంది. ఆర్పడానికి లేదు. ఎనభై ఎనిమిదేళ్ళకి సగం తరుగుతుంది. ఇంకో ఎనభై ఎనిమిదేళ్ళకి మిగిలిన దానిలో సగం. ఎండ అందనంత దూరం పోయే అంతరిక్ష యంత్రాలకి అదే బ్యాటరీ.

దాని కిరణం కాగితాన్ని దాటదు. చర్మాన్ని దాటదు. కానీ కంటికి కనిపించనంత పొడి పీల్చితే చాలు, ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది. మనిషి పోయేదాకా అక్కడినుంచి కదలదు. అందుకని మాకొక నియమం ఉండేది. తొడుగుల్లోంచి చేతులు బయటికి తీశాక, ముక్కు గోక్కోకముందే, ఒక్క అడుగు వెయ్యకముందే, పక్కనున్న మీటరుకి రెండు చేతులూ చూపించాలి. మీటరు అరవకపోతేనే కదలాలి. ఈ నియమం నేను ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పినవాళ్ళ పేర్లు రాసి పైకి పంపేవాణ్ణి. కొండ మీద నాకు స్నేహితులు ఎక్కువమంది లేరు.

ఒరాలియాకి ముప్పై ఆరో ఏట గుండె నెమ్మదించింది. వంటింట్లో బీన్స్ కుండ దించుతూ పడిపోయింది. పట్నంలో పెద్దాసుపత్రి డాక్టరు, గుండెకి కొట్టుకోవడం గుర్తుచేసే యంత్రం, పేస్‌మేకర్, పెట్టాలన్నాడు. మామూలు బ్యాటరీది అయితే రెండేళ్ళకోసారి కోసి మార్చాలి. కత్తి అంటే ఆమెకి చచ్చేంత భయం. పళ్ళ డాక్టరు దగ్గరికే వెళ్ళేది కాదు. ఇంకో రకం ఉంది, జీవితాంతం మార్చక్కర్లేదు అన్నాడు డాక్టరు. అందులో ఏముంటుందో అతను చెప్పకముందే నాకు తెలుసు. గోధుమ గింజంత ప్లుటోనియం.

"పెట్టండి" అన్నాను. ఆమెని అడగకుండానే అన్నాను.

కారులో ఇంటికి వస్తూ అడిగింది.

"దాంట్లో ఏముంటుంది?"

"నేను చేసేదే."

"నువ్వేం చేస్తావో ఇన్నేళ్ళలో ఒక్కనాడన్నా చెప్పావా?"

చెప్పలేదు. చెప్పకూడదని సంతకం పెట్టి ఉన్నాను.

"బిళ్ళలు చేస్తాను" అన్నాను. "వాటంతటవే వెచ్చగా ఉంటాయి."

"మరి వాటిని చూసి నువ్వెందుకు నేర్చుకోలేదు?" అంది.

ఆసుపత్రిలో ఒక కాగితం ఇచ్చారు. రోగి ఎప్పుడు ఏ కారణంతో చనిపోయినా వెంటనే తెలియజేయాలి, పూడ్చకముందే యంత్రాన్ని తీసి తిరిగి పంపాలి అని ఉంది. ఒరాలియా నా చేత రెండుసార్లు చదివించుకుంది.

"అంటే చచ్చాక కూడా కోస్తారా?"

"చచ్చాక నొప్పి ఉండదు."

"నీకెవరు చెప్పారు?" అంది. కానీ సంతకం పెట్టింది. పక్కన నేను పెట్టాను.

యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో ఇంట్లో చూసుకునే పద్ధతి ఒకటి డాక్టరు నేర్పాడు. చిన్న రేడియో తీసుకుని, ఏ స్టేషనూ రానిచోట ముల్లు ఆపి, యంత్రం ఉన్నచోట ఆనించాలి. యంత్రం కొట్టే ప్రతి దెబ్బకీ రేడియోలో టక్కుమని వినిపిస్తుంది. ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చాక చూసేవాళ్ళం. ఆమె వంటింటి కుర్చీలో కూర్చుని, పై గుండీ విప్పి, జుట్టు వెనక్కి తోసుకునేది. నేను గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టేవాణ్ణి.

"డెబ్బై" అనేవాణ్ణి.

"అయితే నిన్ను ఇంకో వారం భరించాలన్నమాట" అనేది గుండీ పెట్టుకుంటూ.

పద్దెనిమిదేళ్ళు ఆ మాటే. నేనెప్పుడూ దానికి జవాబు చెప్పలేదు. మాటలు నా పని కాదనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ వంటింట్లో కూర్చుని, ఏమని ఉండాల్సిందా అని వెతుక్కుంటాను. ఏదన్నా సరిపోయేది.

తెలెస్ఫోర్ సంగతి కూడా చెప్పాలి. ఒరాలియా తమ్ముడు. అతన్ని కొండ మీద పనిలో పెట్టించింది నేనే. నా పక్క పెట్టె దగ్గరే నిలబడేవాడు. చేతులు మంచివి, నోరు ఎక్కువ. డెబ్బై తొమ్మిదిలో ఒకనాడు మధ్యాహ్నం భోజనం గంట కొట్టారు. అతను ఎవరితోనో నవ్వుతూ చేతులు బయటికి తీసి తలుపు వైపు నడిచాడు. మూడడుగులు వేశాక గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి చేతులు చూపించాడు. మీటరు అరవలేదు. నేను రాసి పంపాను. అంతకుముందు కూడా రెండుసార్లు అతని పేరు తప్పులు రాసే పుస్తకంలో ఉంది. ఈసారి పనిలోంచి తీసేశారు.

"మూడడుగులు, బావా" అన్నాడు బస్సు దగ్గర. "చేతులు శుభ్రంగా ఉన్నాయని నువ్వే చూశావు."

"అది నీ అదృష్టం."

"నాకు నలుగురు పిల్లలు."

"పెట్టె దగ్గర ఉన్నప్పుడు ఆ సంగతి గుర్తుండాల్సింది."

ఆ తరువాత మా గడప తొక్కనన్నాడు. కాలువకి అటువైపు అతని ఇల్లు, ఇటువైపు నాది. ఒరాలియా ఆ ఏడాది ఈస్టరు ముందు నలభై రోజులూ నాతో మాట్లాడలేదు. ఆదివారం మాత్రం రేడియో తెచ్చి బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, గోడ వైపు చూసేది. నేను డెబ్బై అనేవాణ్ణి. ఆమె ఏమీ అనకుండా గుండీ పెట్టుకునేది. నేను చేసింది తప్పు అనుకోలేదు. ఇప్పుడూ అనుకోను. కానీ ఆ ఆదివారాలు మాత్రం తిరిగి కావాలనిపిస్తుంది. మాట్లాడని ఆదివారాలు కూడా.

తొంభై మూడు ఫిబ్రవరిలో పోయింది. గుండె వల్ల కాదు. కడుపులో రాచపుండు, పదకొండు వారాలు. ఇంట్లోనే ఉంచాను. ఆ ఉదయం ఊపిరి ఆగిపోయింది. నేను చాలాసేపు చూశాను. తరువాత రేడియో తీసి ఆమె భుజం ఎముక కింద ఆనించాను. టక్, టక్, టక్. గడియారం చూశాను. డెబ్బై.

ఆ యంత్రానికి ఆమె పోయిన సంగతి తెలియదు. తెలియదని నాకు తెలుసు. కాగితం ఎక్కడుందో తెలుసు, ఫోను నంబరు తెలుసు. కొండ మీద ముప్పై ఏళ్ళు నియమం తప్పినవాళ్ళ పేర్లు రాసినవాణ్ణి. కానీ ఆ డెబ్బై విన్నాక ఫోను ఎత్తలేకపోయాను. ఎత్తితే ఒక మనిషి పెట్టెతో వచ్చి దాన్ని తీసుకుపోతాడు.

తెలెస్ఫోర్ పెళ్ళాం లుగార్దా వచ్చి ఆమెకి స్నానం చేయించి బట్టలు తొడిగింది. తెలెస్ఫోర్ గొయ్యి తవ్వాడు. ఊరి సమాధుల తోటకి అతనే పెద్ద. కింది వరసలో, వాగు వైపు, వాళ్ళ అమ్మ పక్కన. నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

అప్పట్నుంచి రోజూ వెళ్ళి కూర్చునేవాణ్ణి. మొదటి వారం రేడియో కూడా తీసుకెళ్ళాను. ఆరడుగుల మట్టి దాటి ఏమీ రాదు, గరగర తప్ప. అది తెలిసే తీసుకెళ్ళాను. చలికాలంలో మంచు పడ్డప్పుడల్లా పొద్దున్నే వెళ్ళి చూసేవాణ్ణి, ఆమె మీది మంచు ముందు కరుగుతుందేమోనని. ఆ గింజ ఇచ్చే వేడి ఎంతో నాకన్నా బాగా ఎవరికి తెలుసు. దాంతో చెంచాడు నీళ్ళు కూడా గోరువెచ్చన కావు. ఆమె మీది మంచు, పక్కన వాళ్ళ అమ్మ మీది మంచు, ఒకేసారి కరిగేవి. అయినా ప్రతిసారీ వెళ్ళేవాణ్ణి.

జనవరిలో కార్డు వచ్చింది. గళ్ళు చూశాను. బతికున్నట్టు రాశాను. ఆ రోజంతా ఇల్లు కొంచెం తేలికగా ఉన్నట్టనిపించింది. ఆ తరువాత రెండేళ్ళూ అదే పని చేశాను.

మొన్న జూలైలో వానలు విరుచుకుపడ్డాయి. మూడో రోజు మధ్యాహ్నం తెలెస్ఫోర్ వచ్చి నా కంచె బయట నిలబడ్డాడు. గుండెల దాకా బురద. టోపీ తియ్యలేదు.

"బావా" అన్నాడు. పదిహేడేళ్ళ తరువాత.

"ఏమిటి?"

"వాగు కింది గోడని తినేసింది. ఇంకో వాన పడితే కింది రెండు వరసలూ పోతాయి. శనివారం తీసి పైకి మారుస్తున్నాం. అక్క ఉన్న వరస కూడా."

"చూశాను."

"చూశావుగా. రోజూ అక్కడే కూర్చుంటావు, గోడ బీటలిచ్చిన సంగతి ఎవరికన్నా చెబుదామని తోచలేదా? పేర్లు రాయడానికి అక్కడ ఎవరూ లేరనా?"

"ఇది చెప్పడానికా వచ్చావు?"

"లోపలికి రమ్మనవా?"

"రానన్నావుగా."

"అప్పుడు కోపం మీద అన్నాను. ఇప్పుడు కాళ్ళు నొప్పి" అన్నాడు.

గేటు తీశాను. వంటింట్లో కూర్చున్నాడు. ఒరాలియా కుర్చీలో. అతనికి తెలియదు. లెమ్మనలేదు. కాఫీ పోశాను. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"అక్క ఉండగా కూడా ఇలాగే కాచేవాడివా?"

"ఉండగా ఆమె కాచేది."

కాసేపు కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. తరువాత కప్పు వైపే చూస్తూ అన్నాడు.

"ఆ యంత్రం ఇంకా లోపలే ఉంది కదా?"

కాఫీ గిన్నె తీసి పొయ్యి మీద పెట్టాను.

"లుగార్దా బట్టలు తొడుగుతున్నప్పుడు చేతికి తగిలింది. ఎక్కడా కొత్త కుట్టు లేదు. ఆ రోజే నాతో చెప్పింది."

"అంటే మూడేళ్ళుగా తెలుసు."

"తెలుసు."

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు. నేను నువ్వు కాదుగా, బావా."

కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"అందుకే వచ్చాను" అన్నాడు. "శనివారం శవపెట్టె మూత తియ్యక్కర్లేదు. అక్క పెట్టె దగ్గర నేనూ నా కొడుకులూ ఉంటాం. తాళ్ళు వేసి ఎత్తి, పైన దించేస్తాం. దాంతో సహా. ఎవరికీ తెలియదు. నీకు అదే కావాలిగా?"

అదే కావాలి. మూడేళ్ళుగా నాకు అది తప్ప ఇంకేమీ అక్కర్లేదు. నేను ఎవరి పొట్ట కొట్టానో ఆ మనిషే, నా వంటింట్లో కూర్చుని, అది నా చేతిలో పెడుతున్నాడు. ఊఁ అంటే చాలు. పైన, ఎండిన నేలలో, గోడకి దూరంగా ఆమె ఉంటుంది. లోపల అది కొట్టుకుంటూ ఉంటుంది. నేను రోజూ వెళ్ళి కూర్చోవచ్చు. జనవరిలో కార్డు వస్తుంది.

"నీకెన్నేళ్ళు?" అన్నాను.

"యాభై నాలుగు. ఎందుకు?"

"నాకు అరవై ఆరు. లుగార్దాకి?"

"నన్నడిగితే యాభై. దాన్నడిగితే నలభై రెండు."

"ఇరవై ఏళ్ళలో మనం ముగ్గురం ఉండం. అప్పటికి ఆ గింజలో తరిగేది పావు వంతే, కొంచెం అటూ ఇటూగా. ఇవాళ్టి నుంచి అరవై ఏడేళ్ళు పోతేగాని సగం కాదు. అక్కడ ఏముందో తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడూ మిగలడు. సమాధుల తోటలో చోటు చాలక పాత ఎముకల మీదే కొత్తవాళ్ళని పెడుతున్నాం. ఎవడో ఒకడు గొయ్యి తవ్వుతాడు. గడ్డపారకి ఏదో తగులుతుంది. వెండిలా మెరుస్తుంది. ఇంటికి తీసుకెళ్ళి కోసి చూస్తాడు."

"పగలదని నువ్వేగా చెప్పేవాడివి. నిప్పులో వేసినా, తుపాకీతో కాల్చినా."

"పగలదు. పగలదని నమ్మి మూడడుగులు నడిచేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు."

తెలెస్ఫోర్ కప్పు బల్ల మీద పెట్టాడు. నవ్వాడు. మంచి నవ్వు కాదు.

"ఇన్నేళ్ళకి కూడా ఆ మూడడుగులేనా" అన్నాడు. "నీ సొంత పెళ్ళాం దగ్గర కూడా."

"నేను మూడేళ్ళు నడిచాను" అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. ఆ మాట అంటాననుకోలేదు. నేనూ అనుకోలేదు. లేచి టోపీ సర్దుకున్నాడు.

"నీ ఇష్టం. మొగుడివి. నేను మాత్రం నోరు విప్పను. ఇందాక చెప్పిన మాట శనివారం దాకా ఉంటుంది."

అతను వెళ్ళాక సమాధుల తోటకి వెళ్ళాను. వాగు ఒడ్డు నిట్టనిలువుగా కోసుకుపోయి ఉంది. ఎవరిదో పాత పెట్టె చెక్క మట్టిలోంచి చెయ్యంత బయటికి వచ్చింది. కింద ఎర్రనీళ్ళు మా కాలువ వైపు పోతున్నాయి. ఆ కాలువ నీళ్ళే ఊరి మిరప తోటలకి. చీకటి పడకముందే ఇంటికి వచ్చేశాను. ఫోను దగ్గర కూర్చున్నాను గానీ ఎత్తలేదు. మర్నాడు పొద్దున్న కాఫీ తాగి, కార్డు మీది నంబరుకి చేశాను.

బెర్నీస్ అని ఒకామె ఎత్తింది. మా లోయ పిల్లే, పెద్దవాళ్ళని దోన్ అని పిలిచే మాట తీరులో తెలిసింది. ఆ కార్డులు పంపేది ఆమే. నా పేరు చెప్పాను.

"చెప్పండి దోన్ అబ్రాన్, ఒరాలియా గారు ఎలా ఉన్నారు?"

"చనిపోయింది."

"అయ్యో. ఎప్పుడండీ?"

"మూడేళ్ళయింది."

కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"మొన్న జనవరి కార్డు నా చేతిలోనే ఉందండీ. క్షేమం అని ఉంది."

"నేనే రాశాను."

"అంతకుముందుది కూడా..."

"అదీ నేనే. దానికి ముందుదీ నేనే."

మళ్ళీ కాగితాల చప్పుడు.

"ఎందుకండీ?" అంది చివరికి.

"మీరు మూడు గళ్ళే ఇచ్చారు" అన్నాను.

ఆమెకి అర్థమయిందో లేదో తెలియదు. మందలించలేదు. పైవాళ్ళకి చెప్పాలి, మీ మీద కేసు కూడా పెట్టవచ్చు అంది. పెట్టుకోనీ అన్నాను. యంత్రం ఎక్కడుందని అడిగింది. వాగు ఒడ్డున ఉంది, శనివారం లోపు రండి అన్నాను.

వచ్చారు. బెర్నీస్, ఆమెతో ఆసుపత్రి మనిషి ఒకడు, కొండ నుంచి మీటరు పట్టుకుని ఒక కుర్రాఫీసరు. తవ్వడానికి అనుమతి కాగితం కూడా తెచ్చారు. నేను చదివి సంతకం పెట్టాను. మరణించిన తేదీ అన్నచోట తేదీ వేశాను. నా చేత్తో ఆ తేదీ రాయడం అదే మొదటిసారి.

రేడియో ఇంట్లోనే వదిలి వెళ్ళాను. కావాలనే.

తెలెస్ఫోర్, అతని కొడుకులు తవ్వారు. పెట్టె పైకి వచ్చింది. కింది చెక్కలు మెత్తబడి ఉన్నాయి. చుట్టూ టార్పాలిన్ కట్టారు. ఆసుపత్రి మనిషి తొడుగులు వేసుకుని, బెర్నీస్‌తో లోపలికి వెళ్ళాడు. నేను గోడ దగ్గర నిలబడ్డాను. తెలెస్ఫోర్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఎక్కువసేపు పట్టలేదు.

బెర్నీస్ బయటికి వచ్చింది. చేతిలో తెల్ల గుడ్డ, దాని మీద అది. సబ్బుబిళ్ళంత ఉంది. తుడిచారు. కొండ మనిషి మీటరు దాని మీద అన్నివైపులా తిప్పాడు. అరవలేదు.

"బయట ఏమీ లేదండీ. పట్టుకుంటారా?" అంది బెర్నీస్.

తీసుకున్నాను. వెచ్చగా ఉంటుందనుకున్నాను. చల్లగా ఉంది, మట్టిలా. వెచ్చగా ఉండదని లెక్క తెలిసినవాణ్ణి. ఆ లెక్క వల్ల అప్పుడు ఏ ఉపయోగమూ లేకపోయింది.

"ఇంకా కొట్టుకుంటోందా?" అని అడిగాడు తెలెస్ఫోర్.

ఆమె చిన్న పరికరం ఏదో తీసి దానికి ఆనించింది. అంకె నేను చూడలేదు. ఆమె చెప్పింది.

"డెబ్బై."

తెలెస్ఫోర్ టోపీ తీశాడు. "ఈ మొండితనం మా అక్కదే" అన్నాడు. "దానికీ అంటుకుంది."

"దీన్నేం చేస్తారు?" అన్నాను బెర్నీస్‌తో.

"కొండకి పంపిస్తామండీ. అక్కడ పీపాల్లో పెట్టి భద్రం చేస్తారు."

"ఆపేస్తారా?"

"తీగలు తెంపేస్తారేమో. లోపలిది ఎవరూ ఆపలేరు. నాకన్నా మీకే బాగా తెలుసు."

"తెంపొద్దని చెప్పండి."

"అది నా చేతిలో లేదండీ" అంది. తరువాత, "అడుగుతాను" అంది. మర్యాద కోసం అన్నదని నాకు తెలుసు. అయినా సంతోషమనిపించింది.

స్టీలు డబ్బాలో పెట్టి, మూత బిగించి, నంబరు రాసి కారెక్కించారు. నా చేతులూ తెలెస్ఫోర్ చేతులూ మీటరుతో చూశాడు కొండ మనిషి. తెలెస్ఫోర్ ఏదో అనబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు. కారు కాలువ దాటి కొండ రోడ్డు ఎక్కింది. అది నేను చేసిన చోటికే తిరిగి వెళుతోంది. మలుపు దాటేదాకా చూశాను.

అప్పుడు ఒరాలియాని పైకి తీసుకెళ్ళాం. గోడకి దూరంగా, ఎండిన గరుకు నేల. తాళ్ళతో దించారు. ఫాదర్ నాలుగు మాటలు చదివాడు. మా ఊళ్ళో ముందు ఇంటివాళ్ళు పిడికెడు మట్టి వేస్తారు, మిగతాది తవ్వినవాళ్ళు పూడుస్తారు. మూడేళ్ళ కిందట మొదటిసారి పూడ్చినప్పుడు నేను వెయ్యలేదు. లోపల ఇంకా కొట్టుకుంటున్న మనిషి మీద మట్టి వెయ్యడం నా చేత కాలేదు. ఫాదర్ నా వైపు చూసి, చూసి, వేరేవాళ్ళకి సైగ చేశాడు. లుగార్దా వేసింది.

ఈసారి తెలెస్ఫోర్ చేతిలోంచి పార తీసుకున్నాను.

"నీ నడుం పోతుంది బావా. ఇటివ్వు. పిడికెడు వెయ్యి చాలు."

"పక్కకి జరుగు."

"రేపు మంచంలోంచి లేవలేకపోతే కాఫీ ఎవరు కాస్తారు నీకు? నేను కాచను."

"నిన్నెవరూ అడగలేదు."

జరిగాడు. రాళ్ళు కలిసిన మట్టి. మొదటి పారలు చెక్క మీద పడ్డప్పుడు గట్టిగా చప్పుడయింది. ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ వేశాను. కాసేపటికి అతను కొడుకు చేతిలోంచి ఇంకో పార తీసుకుని అవతలి వైపు నుంచి వెయ్యడం మొదలుపెట్టాడు. వద్దనలేదు. ఆ తరువాత మట్టి మీద మట్టి పడుతుంటే ఏమీ వినిపించలేదు.